చావుగంట లేని నగరం

ధవళపురిలో పొద్దు రెండుసార్లు పొడిచేది. మొదట సముద్రం మీద పొడిచేది, ఆ తరవాత ధవళపీఠం శిఖరం మీద. మూడువందల అరవై పాలరాతి మెట్లు, మెట్టు మెట్టుకీ చెక్కిన పద్మం, పద్మం మధ్యలో పొదిగిన పగడం, ఆ పైన నూరు స్తంభాల మండపం, దాని నెత్తిన ఆకాశాన్ని పొడిచే కంచు శిఖరం. దూరదేశాల నుంచి వచ్చిన యాత్రికులు దాన్ని చూసి నోరు తెరిచేవాళ్లు. ఆ కంచు ఎవరి ఊరిదో తెలిసినవాళ్లు మాత్రం తల వంచుకుని, పళ్లు కొరుక్కుంటూ దాటిపోయేవాళ్లు.

ఆ శిఖరం కట్టించినవాడు మహాపీఠాధిపతి ఐదవ నిష్కళంకుడు. ధవళపీఠం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది కాదు. ముప్పైమంది పెద్దలు ఒక మండపంలోకి వెళ్లి బయట తాళం వేయించుకుంటారు, తమలో ఒకణ్ని ఎన్నుకునేదాకా బయటికి రారు. పదకొండేళ్ల కిందట అలా కూర్చున్నప్పుడు, ఒక మూల రెండు చంకకర్రల మీద వాలి దగ్గుతున్న ముసలి పెద్ద వాళ్ల కంటబడ్డాడు. వీడు ఏడాదిలో పోతాడు, ఈలోగా మన పనులు చక్కబెట్టుకోవచ్చు అనుకుని అందరూ వాడికే తల ఊపారు. ఉంగరం వేలికి ఎక్కిందో లేదో, ఆ ముసలివాడు చంకకర్రలు రెండూ గోడకేసి కొట్టి నిటారుగా నిలబడ్డాడు. దగ్గు కూడా ఆగిపోయింది. ఆ తరవాత పదకొండేళ్లు ఆ రాజ్యంలో ఇంకెవరూ నిటారుగా నిలబడలేదు.

మంచి చెయ్యలేదా అంటే చేశాడు. దారిదోపిడీ దొంగల్ని ఏరేశాడు. కొండల్లో పుట్టిన నీళ్లని నలభై కోసుల కాలువ తవ్వించి తెచ్చి, ప్రతి కూడలిలోనూ ఏనుగు తొండం లోంచి దూకించాడు. ఆ నీళ్లు తాగే నోళ్లకే తాళం కూడా వేశాడు. పాత గ్రంథాలు బళ్లకెత్తించి తగలబెట్టించాడు. పాట కట్టినవాడి నాలుక కోయించాడు. చివరికి తీరం పొడుగునా ఉన్న తుపానుగంటల మీద పడ్డాడు. తుపాను వస్తోందంటే బెస్తపల్లెల్లో కొట్టే గంటలవి. శిఖరానికీ, నగరం నడిబొడ్డున తన నిలువెత్తు బొమ్మకీ కంచు చాల్లేదని వాటన్నిటినీ దింపించి కరిగించాడు. పోయిన కార్తీకంలో తుపాను వచ్చింది. గంట లేదు. శంఖతీరంలో నలభై పడవలు వెళ్లాయి, ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ గంటల్ని కొరడా దెబ్బల కింద కరిగించి బొమ్మగా పోత పోసినవాడు శంఖతీరం కంచరి పద్మోజు. శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజున అతను నడుచుకుంటూ ధవళపురికి వచ్చి, దర్శనం వేళ అందరూ వింటుండగా తలెత్తి చెప్పాడు. "స్వామీ, ఈ చావులు సముద్రానివి కావు. తమరివి." అంతే అన్నాడు. ఆ మాటకి నెలల తరబడి చెరలో ఉంచాక వేసిన శిక్ష, రేవుకి ఎదురుగా ఉన్న గద్దకొండ కోట కొమ్ము మీంచి సముద్రంలోకి తోసెయ్యడం. ముహూర్తం ఈ రోజు, నడిమధ్యాహ్నం.

అతని కొడుకు నాగోజు ఈ రోజు పొద్దున్నే పీఠం వెనక చాకిరేవులో, ఆరేసిన తెల్లటి అంగీల చాటున నక్కి ఉన్నాడు. పాతికేళ్లవాడు. క్షమాభిక్ష కోసం మూడు రోజులు మెట్ల కింద కూర్చున్నాడు. మూడుసార్లూ భటులు మెడపట్టి గెంటారు. ఇక అడగడం అయిపోయింది. అతని చేతిలో కంచు కోసే ఉలి, నడుముకి చిన్న సుత్తి ఉన్నాయి. దర్శనానికి స్వామి అరుగు మీదికి రాగానే ఆ ఉలి ఎక్కడ దిగాలో అతను తేల్చుకున్నాడు.

తడి చెయ్యి ఒకటి అంగీల మధ్య నుంచి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఎవురి కోసమయ్యా ఆ ఉలి?"

డెబ్బై దాటిన ముసలామె. ఎండకి నల్లబడిన మొహం, నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు. నాగోజు విదిలించుకోబోయాడు. ఆ పట్టు సడల్లేదు.

"మీ స్వామి కోసం," అన్నాడు నాగోజు. "అరిచి భటుల్ని పిలుచుకో అవ్వా. నాకిక భయపడే ఓపిక లేదు."

"సచ్చినోణ్ని మల్లీ సంపుతావేటి?" అంది ఆమె.

నాగోజు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వడం లేదు. తీగ మీంచి ఒక అంగీ లాగి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"ఇంకా నీట్లో ముంచనేదు, వాసన సూడు. పదకొండేళ్లు బట్టి ఈడి గుడ్డలు ఉతుకుతున్నాను. మెడకాడ జిడ్డు, సంకల్లో ఉప్పు మరక, ఏ రోజూ తప్పనేదు. మూడ్రోజులు బట్టి అదేటీ నేదు. కర్పూరం, అత్తరు, అంతే. ఈ ఎండలకి సెమట పట్టకండా కూకునే మడిసి ఉంటాడేటి?"

"నిన్న దర్శనంలో చెయ్యెత్తి దీవించాడు కదా. నేనే చూశాను."

"ఎత్తినాడా, ఎత్తించినారా? ఎనకాల ఆ ముద్రలోడు నెమలీకల ఇసనకర్ర పట్టుకుని నిలబడ్డాడా నేదా?"

నిలబడ్డాడు. ముద్రాధికారి ధూమ్రకేశి. పొగలా సుళ్లు తిరిగే బూడిదరంగు జుట్టు, కనురెప్పలు లేని కళ్లు. మాంత్రికుడని నగరమంతా గుసగుసలాడేది. నాగోజు పీఠం కేసి తలెత్తి చూశాడు. మొన్న తన తండ్రి మరణశాసనం మీద పడిన ముద్ర చచ్చినవాడి వేలితో వేసిందా?

"అవ్వా, ఇదంతా నీకెందుకు?"

"ఆడు నా తమ్ముడు," అంది ముసలామె. పేరు నూకాలక్క అని చెప్పింది. "పందుల్ని మేపుకునే గుంటడు. నాను గంజి పోసి పెంచినాను. పీఠం ఎక్కినాక సూద్దామని వొచ్చినాను. 'ఎవరీ ముసల్ది' అన్నాడు, నా ఎదరే. పుట్టిన ఇల్లు తగలెట్టించినాడు. ఆడి పేరు రాసున్న తాటాకులన్నీ తగలెట్టించినాడు. అప్పుడు బట్టి ఇక్కడే గుడ్డలుతుకుతున్నాను, ఏ రోజుకైనా సిగ్గొస్తాదేటోనని. రానేదు. కార్తీకం తుపానులో శంఖతీరం పడవల్లో నా కొడుకులిద్దరూ పోనారు. ఆడి మేనల్లుళ్లు."

నాగోజు చేతిలో ఉలి కిందికి దిగింది.

ధవళపీఠానికి ఒక ఆచారం ఉంది, రాజ్యంలో అందరికీ తెలిసిందే. పీఠాధిపతి పోయాడనే అనుమానం వస్తే, అతను పుట్టిన ఇంటివాళ్లు ఎదుట నిలబడి పుట్టినపేరు పెట్టి పిలవాలి. మూడు పిలుపులకీ పలకకపోతే, కంచరి ఒకడు ఆ వేలి ఉంగరాన్ని పగలగొట్టాలి. ఉంగరం లోపలివైపు ఆ పుట్టినపేరే చెక్కి ఉంటుంది. అది పగిలాక పీఠం మీద చావుగంట కొడతారు. చావుగంట వినిపించగానే పోయినవాడి ఆజ్ఞలన్నీ చెల్లకుండా పోతాయి, చెరసాలలు తెరుచుకుంటాయి. గంట మోగుతున్నంతసేపూ రాజ్యంలో ఎవరి ప్రాణమూ తియ్యకూడదు.

"పిలవడానికి నానున్నాను," అంది నూకాలక్క. "ఉంగరానికి కంచరోడు కావాల. పొడుస్తావో, పగలగొడతావో నువ్వే తేల్సుకో."

నాగోజు ఉలి నడుముకి దోపుకుని, బట్టల గంప నెత్తికెత్తుకున్నాడు.

* * *

వెనకద్వారం దగ్గర భటులు నూకాలక్కని రోజూ చూసేవాళ్లే కనుక కదల్లేదు. ఆమె వెనక తలపాగా మొహం మీదికి లాక్కుని, నడుం వంచి గంప మోస్తున్నవాణ్ని కూడా పట్టించుకోలేదు. బట్టలు మోసేవాడి మొహం ఎవరు చూస్తారు? అసలు గండం లోపల ఉంది. సభామండపానికి దారితీసే వసారాలో అటొకటి ఇటొకటి రెండు నల్లరాతి సింహాలు కూర్చున్నాయి. నూకాలక్క పదకొండేళ్లుగా గంప ఆ సింహాల ఇవతలే దింపి పోయేది. దొంగచాటుగా దాటి వెళ్లినవాళ్లని ఆమె చూసింది, తిరిగి వచ్చినవాళ్లని చూడలేదు.

నాగోజు మొదటి అడుగు వేశాడు. కుడివైపు సింహం రాతికళ్లు తెరుచుకున్నాయి. రెండో అడుగుకి ఎడమవైపుది లేచి నిలబడింది. దాని గోళ్లు నేలమీద గీరుకుంటే నిప్పురవ్వలు లేచాయి. గంప విసిరి నాగోజు సుత్తి లాగాడు. సింహం పంజా ఒక్క ఊపున ఆ గంపని పేలికలు చేసింది. వెనక్కి తిరిగితే రెండోది దారి కట్టేసింది.

నూకాలక్క కొంగు చాటు నుంచి మడతపెట్టిన పాత అంగీ ఒకటి తీసి అతని భుజాల మీద కప్పింది, తానూ ఆ అంగీ అంచు కిందికే దూరింది. సింహం మూతి వచ్చి అంగీకి ఆనింది. రాతిముక్కు రెండుసార్లు ఎగబీల్చింది. తరవాత ఆ జంతువు ముందుకాళ్లు చాచి, తల నేలకి ఆన్చి పడుకుంది. పక్కనున్నదీ అలాగే పడుకుంది.

"నాలుగ్రోజుల కిందటిది," అంది నూకాలక్క గొంతు తగ్గించి. "ఆడు బతికున్నప్పుడు ఇప్పిన ఆకరిది. సెమట పోతాదని ఉతకనేదు."

అంత కోపం ఉన్న మనిషి ఆ గుడ్డని ఎందుకు దాచిందో నాగోజు అడగలేదు. సింహాల మీంచి దాటి ఇద్దరూ పరుగెత్తారు.

సభామండపం కళ్లు చెదిరేలా ఉంది. నేలంతా నీలం, తెలుపు రాతిపలకలు, ఎర్రచందనం దూలాలకి వేలాడే వెండి దీపాలు, రంగురంగుల గాజు కిటికీల్లోంచి జారి ముప్పైమంది పెద్దల పట్టుబట్టల మీద పడుతున్న వెలుగు. అంత అందం నడుమ ఆ ముప్పైమందీ దొంగతనం చేసి దొరికిపోయినవాళ్లలా తలలు దించుకుని కూర్చున్నారు. ఎత్తయిన గద్దె మీద ఐదవ నిష్కళంకుడు. తెల్లటి అంగీ, నుదుటిదాకా దించిన కిరీటం, మైనం పూసినట్టు మెరిసే బుగ్గలు. గద్దె వెనక ధూమ్రకేశి నెమలీకల విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సేవకుడొకడు స్వామి వేలు పట్టుకుని, ఒక్కొక్క శాసనం మీదా ఎర్ర లక్కలో ఒత్తుతున్నాడు.

"ఆపండి," అంది నూకాలక్క. "పేరు పెట్టి పిలవడానికొచ్చినాను."

భటులు బల్లేలు ఎత్తారు. అప్పుడు పెద్దల్లో అందరికన్నా పెద్దవాడు, తొంభై ఏళ్ల సుమేధుడు, వణుకుతూ లేచాడు. పదకొండేళ్లలో అతను లేచి నిలబడడం అదే మొదలు. "పేరు పిలుపుని అడ్డుకునే అధికారం ఎవరికీ లేదు," అన్నాడు. "ఆమెని పిలవనివ్వండి."

విసనకర్ర వెనక ఆ రెప్పలు లేని కళ్లు ఒక్కసారి మెరిశాయి.

నూకాలక్క గద్దె ముందుకి నడిచింది. చాకిరేవు అవతలి ఒడ్డుకి వినిపించే గొంతుతో పిలిచింది.

"ఒరే సింగన్నా."

గద్దె మీది పెదవులు కదిలాయి. తియ్యటి గొంతు మండపమంతా నిండింది. "అక్కా, వచ్చావా. ఇన్నాళ్లకి నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు వచ్చారు. నా కళ్లు చల్లబడ్డాయి."

పెద్దలు ఒక్కుమ్మడిగా నేలమీద సాగిలపడ్డారు. నాగోజు అడుగు వెనక్కి వేశాడు. బతికే ఉన్నాడు. ముసలిది పొరబడింది. ఇక నాన్నతో పాటు తనూ ఆ కొమ్ము మీంచే.

నూకాలక్క మాత్రం కదల్లేదు. ఆమె మొహం ఎర్రబడింది.

"సింగన్న మా పంది పేరు," అంది. "నా తమ్ముడు మేపిన పంది. పెద్దలూ, ఇన్నారు కదా. నా తమ్ముడైతే ఈపాటికి నా పీక నొక్కీసును. ఈడెవుడో పంది పేరెట్టి పిలిస్తే పలికినాడు."

విసనకర్ర ఊగడం ఆగింది. ఆ దొంగకి మాత్రం ఏం తెలుసు? పుట్టిన ఊరి మీద సిగ్గుతో నిష్కళంకుడు తన పేరుని ఎంత శుభ్రంగా తుడిపించాడంటే, అతని గొంతు దొంగిలించినవాడికి కూడా ఆ పేరు దొరకలేదు. మిగిలిన ఒక్క చోటు ఉంగరం లోపలివైపు. ఉబ్బిన శవం వేలి నుంచి ఉంగరం ఊడి రాలేదు.

నాగోజు మూడంగల్లో గద్దె ఎక్కాడు. విసనకర్ర లాగి పారేశాడు. ధూమ్రకేశి పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి, గద్దె మీది పెదవులూ వాటితో పాటే కదిలాయి. సభ అంతా చూసింది. మాంత్రికుడు చెయ్యి విదిలించేసరికి జుట్టులోంచి పొగ పాములై లేచి నాగోజు మెడకి చుట్టుకుంది. ఊపిరాడలేదు. అయినా అతను రెండు చేతులతో మాంత్రికుడి గొంతు పట్టుకుని నొక్కాడు. కొలిమి దగ్గర పెరిగినవాడికి పొగ కొత్త కాదు.

"పిలువు అవ్వా," అన్నాడు బిగబట్టి.

"ఒరే అప్పలకొండా," అంది నూకాలక్క. "తీరం గంటలన్నీ తిన్నావు. పలుకు."

ఎవరూ పలకలేదు.

"ఒరే అప్పలకొండా. నీ మేనల్లుళ్ల శవాలు పీతలు తిన్నాయి. ఆటి మొకం సూడ్డానికి కూడా రానేదు. పలుకు."

మండపంలో గాజు కిటికీలు గాలికి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడోసారికి ఆమె గొంతు దిగిపోయింది.

"అప్పలకొండా. లెగరా నాయినా, పొద్దెక్కింది."

శవం కిరీటం ఒక పక్కకి ఒరిగిపోయింది. సుమేధుడు తలపాగా తీసి నేల మీద పెట్టాడు. "కంచరీ, నీ పని చెయ్యి."

నాగోజు మాంత్రికుణ్ని భటుల మీదికి తోసి, గద్దె చేతి మీద శవం వేలు ఆనించి ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. ఉంగరం రెండు ముక్కలైంది. ఒకటి సుమేధుడి కాళ్ల దగ్గరికి దొర్లింది. అతను వంగి, దాని లోపలివైపు వెలుగుకి తిప్పి చదివాడు. "అప్పల." రెండో ముక్క కోసం వంగేలోపు భటులు కెవ్వుమన్నారు. వాళ్ల చేతుల్లో మనిషి లేడు, రెక్కలు కొట్టుకుంటున్న బూడిదరంగు గద్ద ఉంది. అది నేలకి వాలి, రెండో ముక్కని ముక్కున కరుచుకుని, రంగుల గాజు పగలగొట్టుకుని పోయింది. పోతూ పోతూ కక్కిన నిప్పుకి నాగోజు భుజం మీది పాత అంగీ భగ్గున మండిపోయింది. నూకాలక్క ఆ బూడిద వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది.

"రెండు ముక్కలూ ఒకే మూసలో కరగాలి, పొద్దు గుంకేలోగా," అన్నాడు సుమేధుడు. "లేకపోతే ముక్క పట్టుకున్నవాడు దానితోనే ముద్ర వెయ్యగలడు. అది గద్దకొండ వైపే పోయింది. ముందు గంట కొట్టు, ముందు గంట."

* * *

గంటస్తంభం నూటఇరవై మెట్లు. నాగోజు రెండేసి మెట్లు ఎక్కాడు. పైనుంచి రేవు, రేవు అవతల గద్దకొండ, కోట కొమ్ము మీద చీమల్లా మనుషులు కనిపించారు. ఎండగడియారం కర్ర నీడ రెండు వేళ్లంత మిగిలింది. అతను తాడు రెండు చేతులతో పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు.

టక్ మంది. తలుపు తట్టినట్టు.

ఇంకోసారి లాగాడు. అదే చప్పుడు. పైకి ఎగబాకి గంట మీద గోటితో గీరాడు. కంచురంగు పెచ్చు ఊడింది, కింద పనసచెక్క కనిపించింది. నాగోజుకి ఒళ్లు మండిపోయింది. చావుగంట ఆచారాన్ని కొట్టెయ్యడం ఏ పీఠాధిపతి వల్లా కాలేదు. ఈ మహానుభావుడు ఆచారం జోలికి పోలేదు, గంటనే తన బొమ్మ కోసం కరిగించేసి చెక్కకి రంగు పూయించాడు. తనకి చావు ఉందని అనుకోనివాడు చావుగంటని మాత్రం ఎందుకు ఉంచుతాడు? తన నిలువెత్తు బొమ్మ ముందు ఒకడి ప్రాణం ఎంతని లెక్క?

బొమ్మ. నాగోజు తాడు వదిలేశాడు. తండ్రిని సంకెళ్లు వేసి లాక్కుపోతుండగా వెనక్కి తిరిగి అన్న మాట గుర్తుకొచ్చింది. "నాగోజూ, బొమ్మ అడుగున అంచు నా ఇష్టప్రకారం పోశాను." పిచ్చి పట్టిన మాట అనుకున్నాడు అప్పుడు.

అతను కిందికి దిగేసరికి స్వామి చచ్చాడన్న కబురు నగరమంతా పాకింది. నడిబొడ్డున విజయతోరణం రాతికమాను కింద నిలబడ్డ కంచుబొమ్మ చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. మెడకి మోకులు పడ్డాయి. రాళ్లు, చెప్పులు ఎగురుతున్నాయి. నాలుక కోయించుకున్న పాటగాడొకడు మాట రాక రెండు చేతులతో గుండె బాదుకుంటూ లాగుతున్నాడు.

"పడెయ్యకండి," అని అరిచాడు నాగోజు, మోకులకి అడ్డంపడి. "పైకెత్తండి. తోరణానికి వేలాడదియ్యండి."

"నువ్వు వాడి మనిషివా?" అని ఒకడు రాయి ఎత్తాడు.

"నేను పద్మోజు కొడుకుని. ఈ బొమ్మ పోసినవాడి కొడుకుని. ఇందులో మన గంటలున్నాయి. పడితే పగులుద్ది. వేలాడితే మోగుద్ది. మా నాన్న అక్కడ కొమ్ము మీద ఉన్నాడు."

రాయి ఎత్తినవాడు దాన్ని పారేసి మోకు అందుకున్నాడు. తోరణం కమాను మీంచి మోకులు వేసి మూడువందల మంది లాగారు. బొమ్మ దిమ్మెనుంచి జానెడు లేచింది, మూరెడు లేచింది. కమాను రాతికి రాసుకుని మోకులు పొగలు చిమ్మాయి. ఒక పోగు పుటుక్కుమంది, బొమ్మ ఒక పక్కకి జారింది.

"మోకులు తడపండొరే," అని గుంపులోంచి చేపలమ్మే ఆవిడ ఒకతె కేక పెట్టింది. "వలతాడు ఎండితే తెగుద్ది, తడిపితే బిగుసుద్ది. అదీ తెలీదా మీకు?"

పక్కనే ఏనుగు తొండం లోంచి కొండనీళ్లు దూకుతున్నాయి. నిష్కళంకుడు తెచ్చిన నీళ్లే. జనం కడవలతో, తలపాగాలతో ఆ నీళ్లే తెచ్చి మోకుల మీద కుమ్మరించారు. మోకులు బిగిశాయి. బొమ్మ దిమ్మె మీంచి నిలువునా లేచి గాల్లో వేలాడింది. నాగోజు దాని కిందికి దూరి చూశాడు. లోపలంతా బోలు. కాళ్ల కింద, అంగీ కుచ్చిళ్ల అంచు చుట్టూ రెండు వేళ్ల మందాన, గంటకి పెట్టినట్టే పెదవి. కొరడా కింద పనిచేస్తూ కూడా తండ్రి వాళ్ల కళ్లెదుటే గంట పోశాడు. పైన స్వామి మొహం పెట్టడం వల్ల దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు.

నీళ్లబండి ఇరుసు ఊడబీకి నాగోజు ఆ పెదవి మీద కొట్టాడు.

ఆ నాదం తోరణాన్ని అదరగొట్టి, మిద్దెల మీంచి రేవుకి, రేవు మీంచి నీళ్లకి పోయింది. గుంపులో ఉన్న శంఖతీరం బెస్తలు నిలుచున్నచోటే కూలబడ్డారు. కార్తీకంలో వాళ్లు వినాల్సిన గంట అది. ఇప్పుడు మోగింది. ఒక ముసలి బెస్త బొమ్మ మొహం కేసి చూసి కాండ్రించి ఉమ్మాడు. నాగోజు మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. గద్దకొండ మీద అప్పుడే మొదలైన మధ్యాహ్నపు భేరి రెండు దెబ్బల దగ్గర ఆగిపోయింది. కొమ్ము మీద చీమల్లాంటి మనుషులు వెనక్కి జరిగారు. కోట మీద మరణశిక్షకి గుర్తుగా ఎగిరే నల్లజెండా దిగింది, తెల్లజెండా పైకి లేవసాగింది.

జనం హోరెత్తారు. నాగోజు నవ్వబోయి ఆగిపోయాడు. తెల్లజెండా సగం స్తంభం దాకా వచ్చి నిలిచిపోయింది. దాని పక్కన గోడ మీద బూడిదరంగు గద్ద ఒకటి వాలింది. గద్ద వాలినచోట మరుక్షణం పొగలాంటి జుట్టుతో మనిషి లేచి నిలబడ్డాడు. ఎత్తిన అతని చేతిలో ఉంగరం ముక్క ఎండకి తళుక్కుమంది. తెల్లజెండా మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. కొమ్ము మీద మనుషులు మళ్లీ ముందుకి జరిగారు.

నాగోజు ఇంకో దెబ్బ కొట్టాడు. గంట ఆపితే తండ్రిని తోసేస్తారు. ఆపకుండా ఇక్కడే నిలబడితే, ఆ ముక్కని ఎవరు తెస్తారు?

నూకాలక్క గుంపుని తోసుకుంటూ వచ్చి అతని చేతిలోంచి ఇరుసు లాక్కుంది.

"పడవెక్కు. ఇది నాను కొడతాను."

"అవ్వా, పొద్దు గుంకేదాకా కొట్టాలి. నీ వల్ల..."

"పదకొండేళ్లు ఈడి గుడ్డల్ని బండకేసి కొట్టినాను," అంది ఆమె. "నువ్వెల్లు."

ఆమె కొంగు నడుముకి చుట్టి, తమ్ముడి కంచుమొహం కేసి ఒకసారి తలెత్తి చూసి, ఇరుసు వెనక్కి లాగి కొట్టింది. నాగోజు రేవు వైపు పరుగెత్తాడు. మెట్లు దిగి పడవలోకి దూకేసరికి రెండో దెబ్బ పడింది. తెడ్డు నీళ్లలో పెట్టేసరికి ఆమె గొంతు నీళ్ల మీదుగా వినిపించింది.

"ఇది నా పెద్దోడికి," అంటోంది నూకాలక్క. మళ్లీ కొట్టింది. "ఇది నా సిన్నోడికి." ఇంకా ముప్పై ఎనిమిది పడవలు మిగిలి ఉన్నాయి. ఆ పడవలెక్కి పోయినవాళ్లందరి పేర్లూ ఆమెకి తెలుసు. కొమ్ము అంచున పద్మోజు భుజాల మీద పడ్డ చేతులు గంట మోగుతున్నంతసేపూ కదలకుండా ఉన్నాయి.